ఎక్స్ ఎమ్మెల్యే, ఎక్స్ పార్టీ

"మనల్ని ఎక్స్ పార్టీ చేసేశారంటరా" అని బాబాయ్ ఫోన్లో చెప్పినప్పుడు ఆయన గొంతులో దిగులేమీ లేదు. పైపెచ్చు పీడ విరగడైందన్న నిమ్మళం వినిపించింది. "అదేంటి బాబాయ్, అంత తేలిగ్గా చెబుతున్నావు?" అన్నాను. ఆయన అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు వివరించాడు. "ఎక్స్ ఎమ్మెల్యే అంటే ఏంటి? ఇప్పుడు ఎమ్మెల్యే కాడు. మరి ఎక్స్ పార్టీ అంటే? మనం ఇప్పుడు పార్టీ కాదు. కేసులోంచి మన పేరు తీసేశారు. ఇక వాడూ కోర్టూ చూసుకుంటారు, మనకేం పని?"

నేను కాకినాడలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. ఆయన తర్కంలో తప్పెక్కడుందో చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేను. ఎక్స్ సర్పంచ్, ఎక్స్ సర్వీస్‌మన్, ఎక్స్ ఎమ్మెల్యే అన్నీ రోజూ పేపర్లో చూసే మాటలే. వాటి పక్కన ఎక్స్ పార్టీని నిలబెడితే ఎవరికైనా ముందు తట్టేది అదే. అది లాటిన్ మాట అనీ, నువ్వు రాలేదు కాబట్టి ఎదుటివాడి మాట ఒక్కటే విని తేల్చేస్తామని కోర్టు అంటోందనీ ఆయనకు ఎవరు చెప్పాలి?

బాబాయ్ అక్షరమ్ముక్క రానివాడు కాదు. పేపరు మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా చదువుతాడు. ముప్పై ఏళ్ల నీటితీరువా రసీదులు ట్రంకుపెట్టెలో వరసగా పేర్చి ఉంటాయి. అలాంటి మనిషి తన మీద డిక్రీ, అంటే కోర్టు తేల్చి ఇచ్చే ఉత్తర్వు, అయిపోతుంటే హాయిగా నిద్రపోయాడు. అప్పటి నుంచి ఈ విషయం నన్ను వదలడం లేదు.

కేసు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. బాబాయ్‌కి కోనసీమలో 70 సెంట్ల కొబ్బరితోట ఉంది. తోట అంచున పంటబోదె, అంటే చేలకు నీరు పారే చిన్న కాలువ. ఆ బోదె గట్టు మీదుగానే వెనకాల రైతు తన చేలోకి వెళ్తాడు. బాబాయ్ గట్టు మీద నాలుగు కొబ్బరి మొక్కలు పాతాడు. దారికి అడ్డం రాకూడదని శాశ్వత ఇంజంక్షన్ కోరుతూ ఆ రైతు దావా వేశాడు. ఎకరాల కోసం కొట్టుకున్నవాళ్ల కంటే గట్ల కోసం కొట్టుకున్నవాళ్లే మా వైపు ఎక్కువ. నన్నడిగితే ఆ మొక్కలు అక్కడ పెట్టకుండా ఉండాల్సింది. బాబాయ్ ఇది చదవడు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ముట్టుకోకపోతే అంటదు

సమన్లు పట్టుకుని అమీనా, అదే కోర్టు కాగితాలు ఇళ్లకు తెచ్చి ఇచ్చే ఉద్యోగి, వచ్చిన రోజు సంగతి పిన్ని చెప్పింది. ధనుర్మాసం. ఆవిడ వాకిట్లో ముగ్గు వేస్తోంది. అమీనా ముగ్గు తొక్కకుండా బండి దూరంగా ఆపి, చెప్పులు విడిచి అరుగు దాకా వచ్చాడు. బాబాయ్ పడక్కుర్చీలోంచి లేవకుండానే "నేను తీసుకోను" అన్నాడు. "తీసుకుని సంతకం పెట్టండి, లేకపోతే తలుపుకి అంటించి పోతాను" అన్నాడు అమీనా. "అంటించుకో" అన్నాడు బాబాయ్. అతను అంటించాడు. మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

భోగికి ఇల్లు కడిగేటప్పుడు పిన్ని ఆ కాగితాన్ని తడిగుడ్డతో రుద్ది తీసేసింది. మొన్న వెళ్లినప్పుడు చూశాను. తలుపు మీద, పసుపు బొట్లకి కాస్త పైన, గుండ్రటి ముద్రలో సగం ఇంకా అతుక్కునే ఉంది.

కోర్టు కాగితాన్ని మా వాళ్లు మైలలాగా చూస్తారు. ముట్టుకుంటేనే అంటుతుంది, ముట్టుకోకపోతే ఏమీ లేదు. చట్టం లెక్క వేరు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఐదో ఆర్డరు, 17వ రూలు: తీసుకోనంటే ఇంటి తలుపుకి అంటించి, ఎవరి ఎదుట అంటించిందీ రాసి కోర్టుకి అప్పజెప్పాలి. అది చాలని కోర్టు అనుకుంటే సమన్లు అందినట్టే. అక్కణ్ణుంచి జవాబు దాఖలు చేయడానికి 30 రోజులు, కోర్టు గడువు పెంచితే 90 రోజులు. బాబాయ్ ఆ రోజులన్నీ దాళ్వా, అంటే రెండో పంట, పనుల్లో గడిపాడు.

ఫోన్ వచ్చిన సాయంత్రమే మొబైల్లో ఈకోర్ట్స్ యాప్ తెరిచి చూశాను. డిక్రీ అయి మూడు నెలలు దాటింది. దాన్ని రద్దు చేయమని అడగడానికి 30 రోజులే గడువు. సమన్లు సరిగా అందలేదని చూపించగలిగితే, తెలిసిన రోజు నుంచి లెక్కపెట్టమనొచ్చు. కానీ పిన్ని చేత్తో రుద్దిన కాగితం అందలేదని ఎలా అంటాం? ఆలస్యాన్ని మన్నించమని ఒక పిటిషన్, డిక్రీ రద్దు చేయమని ఇంకో పిటిషన్. అసలు కేసులోకి అడుగు పెట్టడానికే రెండు కేసులు.

స్టే ఎవరికొచ్చింది?

ఆ వారమే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఎవరో 'కోర్టు మాటలు – తెలుగు అర్థాలు' అని పొడుగాటి పట్టిక పంపారు. ప్లెయింట్ అంటే దావాపత్రం, చార్జిషీటు అంటే అభియోగపత్రం, అలా. జడ్జిమెంటుకీ తీర్పే, డిక్రీకీ తీర్పే అని ఉంది అందులో. ఎందుకు అలా తేల్చారో చెప్పే కారణాలు జడ్జిమెంటు, చివరికి ఎవరికి ఏం దక్కిందో చెప్పే కాగితం డిక్రీ. అమలుకి వెళ్లేది డిక్రీతో. పట్టిక చదివిన వాళ్లంతా చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

నాకు అనిపించేది వేరు. కోర్టులో మనిషిని ముంచేది తెలియని మాట కాదు, తెలిసిందనుకున్న మాట. బాబాయ్‌తో ఎవరైనా 'రెస్ జుడికేటా' అన్నారనుకోండి, "అంటే ఏంటండి?" అని వెంటనే అడుగుతాడు. ఎక్స్ పార్టీ అంటే అడగలేదు. ఎందుకు అడుగుతాడు, తెలుసు కదా.

స్టే అనే మాట చూడండి. తాత్కాలికంగా ఆపమనడమే దాని అర్థం. మా వైపు కోర్టు నుంచి ఏ కాగితం వచ్చినా స్టే వచ్చినట్టే. మా మేనత్త వాళ్ల ఊళ్లో ఇద్దరు అన్నదమ్ముల మధ్య కొబ్బరితోట పంపకం గొడవ. యథాతథ స్థితి కొనసాగించమని ఉత్తర్వు వచ్చింది. ఆ యథాతథ స్థితి ఏమిటో అందులో లేదు. తోట తన స్వాధీనంలో ఉందని అన్న, కాదు తన స్వాధీనంలో ఉందని తమ్ముడు. ఇద్దరూ "స్టే మాకే వచ్చింది" అని ఊరంతా చెప్పుకున్నారు. దింపు రోజు, అంటే చెట్టెక్కి కాయలు దించే రోజు వచ్చింది. కాళ్లకు వేసుకునే తాడు భుజాన పెట్టుకుని దింపు తీసే అతను వచ్చి చెట్టు కింద నిలబడ్డాడు. అన్న ఎక్కమన్నాడు, తమ్ముడు ఎక్కితే కేసు పెడతానన్నాడు. అతను ఇద్దర్నీ చూసి, "ఆయ్, స్టే ఎవరికొచ్చిందో తేల్చుకుని కబురెట్టండి బాబూ, నాకింకో తోట ఉంది" అని వెళ్లిపోయాడు. కాయ ముదిరి రాలింది. రాలిన కాయ ఎవరిదన్న దాని మీద మళ్లీ పోలీస్ స్టేషన్.

'కేసు కొట్టేశారు' ఇంకోటి. వాది వాయిదాకి రాకపోతే కొట్టేస్తారు. సాక్ష్యం నిలవకపోతే కొట్టేస్తారు. ఎఫ్ఐఆర్‌నే హైకోర్టు కొట్టేస్తుంది. కొన్నింటిలో మళ్లీ తలుపు తట్టొచ్చు, కొన్నింటిలో కుదరదు. కొట్టేసిందేమిటో అడగకుండా ఒకడు టపాకాయలు కాలుస్తాడు, ఒకడు అన్నం మానేస్తాడు.

బెయిల్ వస్తే తప్పించుకున్నాడనీ, రిమాండ్ అంటే శిక్ష పడిందనీ, ఏ1 అంటే అందరికంటే పెద్ద దోషి అనీ అనుకోవడం టీవీ చలవ. ఏ1 అనేది నిందితుల వరస నంబరు. ఆ పేరు ముందు రాయడానికి పోలీసుల దగ్గర కారణం ఉండొచ్చు, అది కోర్టు మాట మాత్రం కాదు.

పన్నెండేళ్ల భయం

పైవన్నీ ఎవరి కేసు వాళ్లకు నష్టం. సగం తెలిసిన ఒక మాట మాత్రం డెల్టా మొత్తాన్ని కుదిపేస్తోంది: పన్నెండేళ్లు.

'పన్నెండేళ్లు దున్నుకుంటే భూమి వాడిదే.' ఇది వినకుండా మా జిల్లాల్లో ఎవరూ పెరగరు. గాలి మాట కూడా కాదు, 1963 లిమిటేషన్ చట్టంలో ఆ పన్నెండేళ్లు నిజంగానే ఉన్నాయి. ప్రభుత్వ భూమికైతే 30 ఏళ్లు. కానీ దానికి ప్లీడర్లు వాడే మాట 'ప్రతికూల స్వాధీనం'. ఊళ్లోకి వచ్చేసరికి ప్రతికూలం రాలిపోయి స్వాధీనం మిగిలింది. యజమాని హక్కుని కాదని, బాహాటంగా, ఇది నాదే అంటూ అనుభవిస్తేనే ఆ పన్నెండేళ్ల లెక్క. నువ్విస్తే తీసుకుని, నీకు బస్తాలు కొలిచి, నువ్వే యజమానివని ఒప్పుకుంటున్న కౌలురైతు ముప్పై ఏళ్లు దున్నినా, కౌలుకి దున్నినంత మాత్రాన ఆ లెక్క మొదలవదు.

అయినా భయం పోదు. మా నాన్న స్నేహితుడొకాయన మూడేళ్లకోసారి కౌలుదారుని మారుస్తాడు. పాత కౌలుదారు మంచివాడే. గట్టు వేసి, డ్రైను పూడిక తీసి, చౌడు తగ్గించి చేనుని దారికి తెచ్చుకునేసరికి దిగిపొమ్మంటారు. "ఎందుకండీ మార్చడం?" అని అడిగాను. "అనుభవం పడిపోతుంది బాబూ" అన్నాడు, అంటే స్వాధీనం కౌలుదారుదే అయిపోతుందని. అది మనసులో పెట్టుకునే, సాగుదారు కార్డు కోసం కౌలురైతు కాగితం తెస్తే సంతకం పెట్టలేదు. 2019లో మన రాష్ట్రంలో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల ఒప్పందం గురించి మాట్లాడుతుంది. దాని వల్ల భూమి మీద ఏ హక్కూ రాదని కూడా చెబుతుంది. ఆయనకు ఆ మాట నేనే చదివి వినిపించాను. విన్నాడు. "చట్టం అలాగే చెబుతుందిలే, రేపు కోర్టు ఏమంటుందో" అన్నాడు. కార్డు లేని కౌలురైతు పంట రుణం దగ్గరా, తుపానొచ్చినప్పుడు పరిహారం దగ్గరా ఈ చేను సాగు చేసింది నేనే అని చూపించుకోవడానికి తంటాలు పడతాడు.

ఇక్కడ నా వాదన కొంచెం తడబడుతుందని ఒప్పుకోవాలి. ఆయనకు మాట అర్థం తెలియక కాదు, తెలిశాక కూడా భయం పోలేదు. మాటకి వెనకాల ఎవడో ఎప్పుడో పోగొట్టుకున్న పొలం కథలు ఉన్నాయి. అర్థం చెబితే కథలు చెరిగిపోవు.

తెలుగు చేస్తే తీరుతుందా?

ఇంటర్‌లో నా పక్కన కూర్చున్నవాడు ఇప్పుడు ఇదే డెల్టాలో ప్లీడరు. బాబాయ్ పిటిషన్లు వాడే వేశాడు. ఈ గోడంతా వాడి ముందు వెళ్లబోసుకున్నాను. "ఒరేయ్, నువ్వు చెప్పేదే నీ మీదకు వస్తుంది చూసుకో" అన్నాడు. "కొట్టేశారు అనేది అచ్చమైన వాడుకమాట. అందరికీ తెలిసిన మాట. అందుకే దానికి ఐదు అర్థాలు. డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్ అంటే ఒక్కటే అర్థం, వాయిదాకి రానందుకు కొట్టేశారని. కోర్టు మాట గట్టిగా ఉండేది జనాన్ని భయపెట్టడానికి కాదు, రేపు దాని మీద ఇద్దరు కొట్టుకోకుండా ఉండడానికి."

నిజమే. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అచ్చ తెలుగు చేసేస్తే అంతా బాగుపడుతుందన్న నమ్మకం నాకు మొదటి నుంచీ లేదు కూడా. వాయిదా, దావా, వకాల్తా, జప్తు, హాజరు, దాఖలు, నకలు ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరికి కావాలి? నవాబుల కచేరీల నుంచి వచ్చి మన అరుగుల మీద కూర్చున్నాయి. ముద్దాయి సంగతి మరీ తమాషా. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. మన దగ్గరకొచ్చేసరికి బోనులో నిలబడ్డవాడయ్యాడు. అర్థం తిరగబడినా ఎవరికీ నష్టం లేదు, ఎందుకంటే జడ్జి నుంచి బంట్రోతు దాకా అందరూ తిరగబడిన అర్థంతోనే వాడతారు. ఫోర్‌ట్వంటీ కూడా అంతే. 2024 జూలై 1 నుంచి కొత్త కేసుల్లో ఐపీసీ 420 లేదు, మోసానికి ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318(4). మా ఊళ్లో ఎవణ్ణయినా త్రీ ఎయిటీన్ అని తిట్టి చూడండి, కోపం రాదు సరికదా క్రికెట్ స్కోరా అని అడుగుతాడు.

అయితే ఒక చిన్న పరీక్ష చేశాను. బాబాయ్ దగ్గర కూర్చుని, "ఎక్స్ పార్టీని తెలుగులో ఏకపక్షం అంటారు" అన్నాను. ఇంకేమీ చెప్పలేదు. ఆయన తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టాడు. "ఏకపక్షమంటే... మనం లేకుండా వాడి మాట ఒక్కటే విని రాసేశారా?" అన్నాడు. ఒక్క మాటతో మూడు నెలల నిద్ర ఎగిరిపోయింది. అభియోగపత్రం, ప్రతివాదపత్రం అంటే ఆయనకు ఏమీ తట్టలేదు, చార్జిషీటే నయమన్నాడు. అంటే మాటని భాషను బట్టి కాదు, చెవిలో పడ్డాక ఏం తడుతుందో దాన్ని బట్టి ఎంచుకోవాలి. పైకోర్టుల్లో రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం ఇంగ్లీషే నడుస్తుంది. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక భూ వివాదంలో తెలుగులో తీర్పు ఇస్తే అందరం సంబరపడ్డాం. మంచిదే. కానీ బాబాయ్ లాంటి వాళ్ల కేసులు తీర్పు దాకా రాకముందే, తలుపు దగ్గరే పోతున్నాయి.

అందుకని సమన్ల మీదే పెద్ద అక్షరాలతో రాయాలి అని ప్లీడరు గాడితో గట్టిగా వాదించాను. వాడు బల్ల సొరుగులోంచి ఎవరిదో పాత సమన్ల కాగితం తీసి నా ముందు పెట్టాడు. రాని పక్షంలో మీరు లేకుండానే విచారించి తేలుస్తామని అందులో ఉంది. ఎప్పటి నుంచో ఉంది. "తీసుకోనన్నవాడు చదువుతాడట్రా?" అన్నాడు. నోరు మూసుకున్నాను.

మరి మిగిలింది నోటి మాట. బాబాయ్‌కీ కోర్టుకీ మధ్య ఆ రోజు నిలబడ్డ మనిషి ఒక్కడే, అమీనా. "అంటించి పోతాను" అని వదిలేయకుండా, "మీరు తీసుకోకపోయినా తీసుకున్నట్టే లెక్క, ఫలానా తేదీకి రాకపోతే మీరు లేకుండానే తీర్పు ఇచ్చేస్తారు" అని ఒక్క వాక్యం చెప్పడం అతని డ్యూటీలో భాగం కావాలి. సలహా కాదు, ఎవరి పక్షమూ కాదు, జరగబోయేది చెప్పడం. చేతిలో ఇరవై కాగితాలు, తిట్లు, కుక్కలు, వానల్లో బురద దారులు ఉన్నవాడికి ఇంకో పని తగిలిస్తావా అన్నాడు నా మిత్రుడు. తగిలిస్తాను. ఒక్క వాక్యమే కదా. నేను విన్న ఒక న్యాయ విజ్ఞాన సదస్సులో ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారని చక్కగా చెప్పారు, లోక్ అదాలత్‌లో రాజీపడితే అప్పీలు ఉండదని కూడా చెప్పారు. తలుపు దగ్గరకు కాగితం వస్తే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

అమీనా ఆ మాట చెప్పి ఉంటే తీసుకునేవాడివా అని బాబాయ్‌నే అడిగాను. "తీసుకునేవాణ్ణే" అన్నాడు. కాసేపాగి, "పండగ పూట కదా... ఏమోలే" అన్నాడు.

చదువుకున్నవాణ్ణని నేనేదో మెరుగనుకుంటున్నానేమో. ప్లీడరుకి మన తరఫున నడిపే అధికారమిచ్చే కాగితం వకాల్తా, అలాంటి దాని మీద నేనూ ఒకసారి సంతకం పెట్టాను. ఇంటికొచ్చాక ఫోన్లో తీసిన ఫొటో పెద్దది చేసి చదివితే, నా తరఫున రాజీపడే అధికారం కూడా ఇచ్చేశానని తెలిసింది. వకాల్తా అంటే నాకు తెలుసు కదా, అందుకే చదవలేదు.

మొన్న వాయిదాకి పిటిషన్ల మీద ఉత్తర్వు వచ్చింది. ఎదుటి పక్షానికి ఖర్చులు కట్టాలన్న షరతు మీద ఆలస్యాన్ని మన్నించారు, ఎక్స్ పార్టీ డిక్రీ రద్దు చేశారు. కోర్టు వరండాలోంచి బయటకు రాగానే బాబాయ్ ఎదురుగా ఉన్న స్వీట్ల కొట్టుకి వెళ్లి అరకిలో కాజాలు కట్టించాడు.

"ఎందుకు బాబాయ్ ఇవి?"

"కేసు గెలిచాం కదరా."

"గెలవలేదు. డిక్రీ తీసేశారంతే. కేసు మళ్లీ మొదటికొచ్చింది."

ఆయన పొట్లం చేతిలో పట్టుకుని కొంచెంసేపు ఆలోచించాడు. "మొదటికొస్తే మంచిదే. ఈసారి అమీనా వస్తే కాఫీ ఇచ్చి మరీ తీసుకుంటాను."

"ఇక అమీనా రాడు బాబాయ్. వాయిదా తేదీ ఇందాక లోపలే చెప్పేశారు."

"చెప్పారా? ఎప్పుడు?"